పన్నెండు వోల్టుల బండి

ఏప్రిల్ 4, శుక్రవారం

ఈ మధ్యాహ్నం భోజనాల వేళ నానమ్మ రేడియో కాలధర్మం చెందింది. ఆఖరి మాటలు వాతావరణ సూచనవి. "ఆకాశం నిర్మలంగా" అంది, చిటపటమంది, ఒక పోగు పొగ వదిలింది, అంతే. అదే క్షణంలో హాల్లో ఫ్యాను హెలికాప్టరయ్యింది. ఆర్పడం మరిచిపోయిన వంటింటి బల్బు ఫొటో తీస్తున్నట్టు ఒక్క మెరుపు మెరిసి నల్లబడింది. తర్వాత అన్నీ ఆగిపోయాయి.

నేను ఎంగిలి చేత్తోనే ముందు మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తాను. సోలారు పలకలు రెండూ ఏమీ ఎరగనట్టు ఎండ కాచుకుంటున్నాయి. దిగి, ఇల్లు చుట్టి, వెనక వరండాలో బ్యాటరీ ఉన్న కొట్టు దగ్గరికి చేరేసరికి అంతా మళ్ళీ మామూలే. కొట్టు పక్కన మంచం మీద తాత, కళ్ళ మీద తువ్వాలు వేసుకుని హాయిగా నిద్ర.

కొట్టు గోడకి కంట్రోలరు అనే చిన్న డబ్బా ఉంది. పైనుంచి వచ్చే కరెంటుని బ్యాటరీకి ఎంత కావాలో అంతే వడ్డించే పెద్దమనిషి. ఆ రోజు వోల్టేజి ఎంత ఎత్తుకి ఎగిరిందో కూడా గుర్తుపెట్టుకుంటాడు. పద్నాలుగున్నర దాటకూడదు. ఇరవై దాటింది.

నాన్న కంచం ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు. "ఇంజినీరమ్మా, నాలుగేళ్ళు చదివింది రేడియోలు చంపడానికా?"

ఇంతకు ముందు రెండు బల్బులు పోయినప్పుడు బల్బుల నాణ్యత మీద ఉపన్యాసం ఇచ్చి తప్పించుకున్నాను. రేడియో దగ్గర ఉపన్యాసం పనికిరాలేదు. అందుచేత నేటి నుంచి ఈ డైరీ. ప్రతి శాస్త్రీయ పరిశోధనకీ ఒక రికార్డు ఉండాలి. ఏడవడానికి వేరే పుస్తకం ఉంది.

ఏప్రిల్ 5, శనివారం

మొదటి సిద్ధాంతం: మేఘం అంచు. సూర్యుడు మబ్బు చాటు నుంచి హఠాత్తుగా బయటపడితే పలకలు ఉలిక్కిపడి మామూలు కంటే ఎక్కువ కరెంటు తోస్తాయి. ఇది నా కపోలకల్పన కాదు, పుస్తకాల్లో ఉంది. చాలా అందమైన సిద్ధాంతం.

ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ ఎగిరింది. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

సిద్ధాంతం అందం మాత్రం తగ్గలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నించీ ముసురు. వోల్టేజి బుద్ధిగా ఉంది. ఫ్యాను ఫ్యానులాగే తిరిగింది. నాన్న ఇంట్లోనే ఉండి, ఏదైనా పేలుతుందేమోనని రోజంతా బల్బుల వంక చూస్తూ గడిపాడు. పేలలేదని కొంచెం నిరుత్సాహపడ్డట్టున్నాడు.

నిర్ధారణ: ఎండ ఎక్కువైతే రోగం, మబ్బు పడితే ఆరోగ్యం. కాబట్టి తప్పు పలకలది.

రాత్రి నానమ్మ చచ్చిపోయిన రేడియోని దిండు పక్కన పెట్టుకుని పడుకుంది. నన్ను చూడమనే పెట్టుకుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

పలకల మీద దుమ్ము తుడిచాను. వైర్లు మార్చి చూశాను. మెడ వెనక భాగం మాడింది. మధ్యాహ్నం సరిగ్గా మేం ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి ఎగిరింది. అమ్మ అయితే ఇవాళ భోజనానికి ముందే ఫ్యాను కట్టేసి, విసనకర్ర తీసి, నావైపు చూడకుండా విసురుకుంది. ఆ చూడకపోవడంలోనే చెప్పాల్సినదంతా ఉంది.

తాత ఒక్కడే ఏమీ అనడు. బడి వ్యాను నడిపిన రోజుల అలవాటు, మా అందరికంటే ముందే తినేసి వెనక్కి వెళ్ళి పడుకుంటాడు. నేను పై నుంచి కిందికి, కింద నుంచి పైకి పరిగెత్తేటప్పుడు మంచం మీంచి ఒక కన్ను తెరిచి "మెల్లిగా అమ్మడూ, మెట్లు" అంటాడు.

ఈ సోలారు పెట్టించమని ఇల్లెక్కి అరిచింది నేను. డబ్బు మాత్రం తాతది, అంటే నీలం వ్యానుది. బడి పిల్లల్ని మోసిన వ్యాను. కళ్ళ డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాక అది కొన్నాళ్ళు ఇంటి ముందు ఊరికే నిలబడింది. తాతా దాని పక్కన ఊరికే నిలబడ్డాడు. ఒకరోజు తనే దాన్ని అమ్మేసి వచ్చి, డబ్బు నా చేతిలో పెట్టి, "నీ బండి కొనుక్కో" అన్నాడు. నేను పన్నెండు వోల్టుల బ్యాటరీ కొన్నాను. ఇది వెనక్కి పోతే పోయేది సోలారొకటే కాదు.

ఈ వాక్యం పరిశోధనకి సంబంధించింది కాదు. కొట్టెయ్యాలి.

ఏప్రిల్ 9, బుధవారం

షాపు నుంచి టెస్టర్ బాబు వచ్చాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది కనుక ఆ పేరు. పొద్దున్నే వచ్చి, వోల్టేజి చూసి, "బంగారంలా ఉంది మేడం" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఉండి చూడమన్నాను. మధ్యాహ్నం ఇంకో ఇంట్లో బంగారం చూడాలట.

వెళ్తూ వెళ్తూ నాన్నని గేటు దగ్గర పట్టుకుని, బ్యాటరీ లోపలే ఏదో దెబ్బ తిని ఉంటుందని, నచ్చకపోతే మొత్తం సెట్టు షాపువాళ్ళే తీసుకెళ్తారని, వాడినందుకు కొంత కోసుకుని మిగతాది ఇస్తారని చెప్పాడట. రోగికి మందు రాయలేని వైద్యుడు నేరుగా శవవాహనం మాట్లాడినట్టుంది.

నాన్న "ఆలోచిస్తాం" అన్నాడట. మా నాన్న ఆలోచిస్తాననడం అంటే ఆలోచన అయిపోయిందని అర్థం.

ఏప్రిల్ 10, గురువారం

విజయం.

పూర్తి వివరాలు రికార్డు నిమిత్తం: ఉదయం నేను కొట్టులో కూర్చుని కంట్రోలరు మీద ఉన్న ప్రతి మరనీ విప్పి, వైర్ల కొనలు గీకి, మళ్ళీ బిగించాను. ఒక మర కొంచెం వదులుగా అనిపించింది. అనిపించింది అని రాశాను కానీ అది ఖచ్చితంగా వదులే. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగింది. ఫ్యాను కదలలేదు, అంటే తిరిగింది, మర్యాదగా తిరిగింది. అత్యధిక వోల్టేజి పద్నాలుగు పాయింట్ నాలుగు. నేను కంచం వదిలి లేచి నిలబడి కుటుంబ సభ్యులనుద్దేశించి ప్రసంగించాను. సభకు హాజరైంది నానమ్మ, నాన్న. అమ్మ తాతని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, వాళ్ళు సాయంత్రానికి గానీ రాలేదు. వాళ్ళ కోసం ప్రసంగం రెండోసారి చేశాను.

"ఒక్క మరేనా?" అన్నాడు నాన్న.

ఒక్క మరే. గొప్ప ఆవిష్కరణలన్నీ ఒక్క మర దూరంలోనే ఉంటాయి. (ఈ వాక్యం రేపెప్పుడైనా పనికొస్తుంది.)

ఏప్రిల్ 11, శుక్రవారం

వంటింటి కొత్త బల్బు పోయింది. ఇరవై పాయింట్ ఆరు.

ఏప్రిల్ 12, శనివారం

నాన్న షాపుకి ఫోన్ చేశాడు. వచ్చే శనివారం వచ్చి తీసుకెళ్తారట.

నేను అడ్డుపడ్డాను. ఇంకా ఎన్నో సిద్ధాంతాలు మిగిలున్నాయన్నాను. నాన్న కోప్పడి ఉంటే బాగుండేది, వాదించేదాన్ని. ఆయన మెల్లిగా, "రేపు అది ఇల్లంటిస్తే సిద్ధాంతం ఎక్కడ రాస్తావమ్మా?" అన్నాడు. ఇంటి పెద్ద కదా, పాపం, ఆయన భయం ఆయనది.

తాత అప్పుడే వెనక నుంచి లోపలికి వచ్చాడు. విషయం ఏమిటని అడగలేదు. విన్నాడు.

"దీన్ని కూడా అమ్మేస్తారా?" అన్నాడు.

అంతే అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నాన్న చాలాసేపు ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

నాకు వారం ఉంది. ఇకపై హాస్యానికి తావు లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

హాస్యం లేకుండా ఆలోచించడం నాకు చేతకాదని తేలింది.

ఏప్రిల్ 14, సోమవారం

నేను ఇన్నాళ్ళూ చేసిన బుద్ధితక్కువ పని ఒకటి తట్టింది. వోల్టేజి ఎగరగానే నేను పైకి పరిగెడతాను. దొంగతనం జరిగేది వెనక గదిలో అయితే ప్రతిరోజూ ముందు వీధిలో పహరా కాసినట్టు. ఎగిరే క్షణంలో బ్యాటరీ దగ్గర ఏం జరుగుతోందో నేను ఒక్కసారీ చూడలేదు.

రేపు కంచం తీసుకెళ్ళి కొట్టులోనే భోజనం. అమ్మ వెనక వరండాలో దుప్పట్లు ఆరేస్తానంది. మంచిదే, నీడ.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇది జాగ్రత్తగా రాయాలి.

దుప్పట్ల వెనక, కొట్టు గుమ్మానికి పక్కగా పీట వేసుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి కంట్రోలరు అంకెలు కనిపిస్తాయి. పదమూడు పాయింట్ తొమ్మిది. అన్నం కలుపుకున్నాను. పద్నాలుగు. తాత భోంచేసి వచ్చిన చప్పుడైంది. మంచం మీదికి వెళ్తాడనుకున్నాను. కొట్టులోకి వెళ్ళాడు.

చేతిలో గుడ్డ, స్పానరు, చిన్న వాజిలీను డబ్బా.

"ఏమే, పొద్దున్నించీ లాగుతున్నావా?" అన్నాడు. నాతో కాదు, బ్యాటరీతో. "ఎండ చూశావుగా. ఇలాంటి ఎండలో మనం పిల్లల్ని దింపేసి రెండో ట్రిప్పుకి వెళ్ళేవాళ్ళం. నువ్వేమో నీడన కూచున్నావు. అదృష్టజాతకురాలివి."

అని, బ్యాటరీ మైనస్ వైరుకి స్పానరు వేసి, విప్పి, వైరు తీసి పక్కన పెట్టాడు.

ఇంట్లో ఫ్యాను హెలికాప్టరయిన చప్పుడు వినిపించింది. అమ్మ కేకేసింది. కంట్రోలరు మీద అంకె ఇరవై ఒకటి దగ్గర వణికింది. గోడ మీది ఇన్వర్టరు, బ్యాటరీ కరెంటుని మిక్సీకి పనికొచ్చేలా మార్చే డబ్బా, కీచుమని ఒక పొడుగు కూత కూసి ఆగిపోయింది. తాత కుడి చెవి బాగానే ఉంది కానీ ఎడమ చెవిని ఎప్పుడో హారనుకి ఇచ్చేశాడు. ఇల్లు ఆ ఎడమ వైపుంది, అక్కడి గోల వినపడలేదు. ఇన్వర్టరు కూత మాత్రం వినపడింది. దానివైపు తిరిగి నవ్వాడు.

"సరే సరే, రోజూ చెప్పక్కర్లేదు," అన్నాడు. "తుడిచినందుకే ఇంత విశ్వాసమైతే ఎలాగే నీతో."

బ్యాటరీ రెండు కొనలూ గుడ్డతో పసిబిడ్డ చెవులు తుడిచినట్టు తుడిచాడు. వేలికొసతో వాజిలీను రాశాడు. మైనస్ వైరు మళ్ళీ తగిలించి, స్పానరుతో బిగించి, దాని మీద రెండుసార్లు తట్టి, మంచం మీదికి వెళ్ళి తువ్వాలు కప్పుకున్నాడు.

ముందు మెట్ల మీద నాన్న అడుగులు, నా కోసం కేకలు. మహత్తర ఆవిష్కరణ జరిగిన క్షణంలో శాస్త్రవేత్తలు వీధిలోకి పరిగెత్తాలట. నేను దుప్పటి వెనక, చేతిలో ఎండిపోయిన అన్నం ముద్దతో, కూర్చునే ఉన్నాను.

అదే రోజు, సాయంత్రం

తాత చేసేది తప్పు కాదు. అదే ఘోరం. బ్యాటరీ ముట్టుకునే ముందు మైనస్ వైరు తియ్యి అన్నది ఏ మెకానిక్కయినా చెప్పే మొదటి మాట. ఎండ కాసిన రోజు బండి కష్టపడింది కనుక ఆ రోజు తుడుస్తాడు. ముసురు రోజు బండికి సెలవు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు ఎలాగూ ఇంట్లో లేడు. (నా ఒక్క మరా, నా ప్రసంగం, ఆ రోజుదే. ఆ పేజీ చింపుదామనుకున్నాను. శాస్త్రం ఒప్పుకోలేదు.)

అయితే వ్యాను తుడిచేటప్పుడు ఇంజను ఆగి ఉంటుంది. ఇక్కడ ఇంజను డాబా మీద ఉంది, మధ్యాహ్నం ఆగడం దాని వంట్లో లేదు. కుళాయి ధారగా పోస్తుంటే కింద బిందె లాగేసినట్టు. నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఫ్యానులోకి, బల్బులోకి, నానమ్మ రేడియోలోకి.

ఇప్పుడు నాన్నకి చెబితే సోలారు ఇంట్లో ఉండిపోతుంది. తాత మాత్రం ఇంకోసారి స్టీరింగు నుంచి దిగిపోతాడు. ఆ డాక్టరు గదిలోంచి బయటికి వచ్చిన రోజు తాత ముఖం నేను చూశాను. మళ్ళీ చూడదలుచుకోలేదు. చెప్పకపోతే శనివారం టెస్టర్ బాబు వస్తాడు.

ఏప్రిల్ 16, బుధవారం, ఉదయం

స్పానరు దాచాను. బియ్యం డబ్బాలో.

ఏప్రిల్ 16, మధ్యాహ్నం

తాత దగ్గర ఇంకో స్పానరుంది.

ఏప్రిల్ 16, సాయంత్రం

అమ్మ బియ్యం కొలుస్తూ స్పానరు బయటికి తీసి, నావైపు చూసి, ఏమీ అడగకుండా కడిగి బల్ల మీద పెట్టింది. ఈ ఇంట్లో నన్ను ఎవరూ ప్రశ్నలు అడగడం మానేశారు. సాధువుల స్థాయికి చేరుకున్నట్టున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

చెప్పేశాను. చెప్పలేదు, అడిగాను.

పొద్దున్నే తాత టీ తాగుతుంటే పక్కన కూర్చుని, ఉద్యోగం ఇంటర్వ్యూలో అడుగుతారట అని అబద్ధమాడి, వ్యాను ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మైనస్ వైరు పీకేస్తే ఏమవుతుందని అడిగాను.

తాత గ్లాసు పక్కన పెట్టాడు. ప్రశ్న వినగానే ఆయన వీపు నిటారైంది. "బుద్ధున్నవాడు ఎవడైనా పీకుతాడా? ఇంజను నడుస్తుంటే డైనమో కరెంటు పోస్తూనే ఉంటుంది కదా అమ్మడూ. దాన్ని మింగేది బ్యాటరీయే. అది లేకపోతే ఓల్టేజీ ఎగిరి హెడ్ లైట్లు, హారను, అన్నీ మాడి ఊరుకుంటాయి. మా గ్యారేజీలో ఒకడు చేశాడు ఒకసారి. వాణ్ణి ఆర్నెల్ల పాటు..."

అక్కడ ఆగిపోయాడు.

నేను గ్లాసు అడుగున ఉన్న టీ వంక చూస్తూ కూర్చున్నాను.

తాత మెల్లిగా తలెత్తి డాబా వైపు చూశాడు. తర్వాత కొట్టు వైపు. మళ్ళీ డాబా వైపు.

"మీ నానమ్మ రేడియో," అన్నాడు.

"నువ్వు తుడిచింది మంచికే తాతా," అన్నాను. ఇంతకంటే పనికిమాలిన మాట ఈ భాషలో ఇంకోటి లేదు.

లేచి లోపలికి వెళ్ళాడు. మిగిలిన టీ తాగలేదు.

మధ్యాహ్నం ఎండ మండిపోయింది. తాత కొట్టు వైపు వెళ్ళలేదు. మంచం లోపలి గదిలోకి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఫ్యాను మర్యాదగా తిరిగింది. పద్నాలుగు పాయింట్ నాలుగు. ఇంత అసహ్యమైన అంకె నేను ఇంతవరకు చూడలేదు.

నాన్న అడిగాడు, ఇవాళ ఏమీ ఎగరలేదే అని. మర బిగించానన్నాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఉదయం నిద్ర లేపింది తాత. చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, బయటికి వెళ్ళేవాడిలా ఉన్నాడు.

"అమ్మడూ, ఆ ఇంజనుకి తాళం ఎక్కడ?"

నిద్రమత్తులో ఏ ఇంజనన్నాను.

"పైన ఉన్నది. ఏ ఇంజనుకైనా ఆపే దారి ఒకటి ఉండాలి కదా. నడిపేవాడికి తాళం ఇవ్వకుండా బండి అప్పజెప్పి, ఇప్పుడు నన్ను మూల కూచోబెడితే ఎలా?"

తాళం లేదు. నేను తలుచుకుని తలుచుకుని చూశాను. పలకల నుంచి దిగే తీగ తిన్నగా కంట్రోలరులోకి పోతుంది, మధ్యలో స్విచ్ లేదు. టెస్టర్ బాబు పెట్టలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు. బడి పిల్లల వ్యానుకి బ్రేకు లేకుండా పంపినట్టు. తాత ఈ సంగతి విని, రాత్రంతా పడుకోనివాడు, గట్టిగా నవ్వాడు. "అయితే తప్పు నా ఒక్కడిదే కాదన్నమాట," అన్నాడు.

ఇద్దరం కరెంటు సామాన్ల షాపుకి నడిచి వెళ్ళాం. షాపాయన మామూలు ఇంటి స్విచ్ తీసి ఇవ్వబోతే సోలారుకి వేరే రకం కావాలని నేను చెప్పాను. తాత దాన్ని చేతిలోకి తీసుకుని పైకి, కిందికి పదిసార్లు టకటకలాడించి, "గేరు బావుంది," అని ఒప్పుకున్నాడు.

తీగ కొయ్యాలంటే పలకలు నిద్రపోవాలి. నానమ్మ కంబళి అడిగాం. దేనికని అడిగింది. సూర్యుడికి కప్పడానికన్నాను. రేడియో పోయింది చాలదా, కంబళి కూడానా అంటూనే తెచ్చిచ్చింది, తనూ డాబా ఎక్కి ఒక మూల పట్టుకుంది. గాలికి కంబళి ఎగిరినప్పుడల్లా ముగ్గురం దాని మీద పడ్డాం. ఎదురింటివాళ్ళు పనులు మానుకుని చూశారు.

స్విచ్ నేను బిగించాను. తాత బిగింపు చూశాడు. ఒక మర వదులుగా ఉందన్నాడు. నిజంగానే వదులుగా ఉంది. దీని గురించి ఇంతకంటే రాయను.

మధ్యాహ్నం తాత, ఎన్నో ఏళ్ళలో మొదటిసారి, మాతో పాటు కూర్చుని భోంచేశాడు. సగంలో ఆగి, గొంతు సవరించుకుని, అందరికీ తనే చెప్పేశాడు. మైనస్ వైరు, గుడ్డ, వాజిలీను, అన్నీ.

"సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు. ఇంట్లో పడుకుని చేశాను," అన్నాడు.

"చేస్తే చేశారు, పరాయివాళ్ళ బల్బులు కాదు కదా," అంది అమ్మ.

"రేడియో ఎవరిది?" అంది నానమ్మ.

"నీదే. కొనిస్తాను."

"అక్కర్లేదు. దాన్ని చంపిన మనిషి రోజూ సాయంత్రం కూచుని నాకు వార్తలు చెప్పాలి. వాతావరణంతో సహా."

నీళ్ళు తాగుతూ నవ్వేసరికి నాకు పొలమారింది. అమ్మ నా వీపు మీద చరుస్తూ తనూ నవ్వింది. నాన్న మాత్రం భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, వెనక్కి వెళ్ళి కొట్టు ముందు నిలబడ్డాడు. స్విచ్ చూశాడు. వాజిలీను డబ్బా మూత తీసి చూసి పెట్టేశాడు. రావద్దని షాపుకి ఫోన్ చేస్తాడేమోనని సాయంత్రం దాకా ఆయన వెనకే పిల్లిలా తిరిగాను. చెయ్యలేదు.

నేనే అడిగాను. "ఆలోచిస్తాను," అన్నాడు.

మా నాన్న ఆలోచిస్తాననడం అంటే ఏమిటో ఇంతకు ముందు రాసే ఉన్నాను. ఈ రాత్రి ఆ వాక్యం తప్పని తేలాలని కోరుకుంటున్నాను.

ఏప్రిల్ 19, శనివారం

షాపు ఆటో భోజనాల వేళకే వచ్చింది. టెస్టర్ బాబు, వెనక ఇద్దరు మనుషులు, చేతుల్లో తాళ్ళు.

లోపల అప్పటికే తతంగం మొదలైంది. రోజూ తుడవక్కర్లేదు, వారానికొకసారి చాలని నేను, ఎండ రోజుల్లో అయినా తుడవాలని తాత, నిన్న రాత్రి గంటసేపు బేరమాడాం. రెండు రోజులకొకసారి అని రాజీ. ఇవాళ మొదటి ట్రిప్పు. స్విచ్ కిందికి వేసిన చప్పుడు టక్కుమని హాల్లోకి వినిపించింది. ఫ్యాను ఏమీ ఎరగనట్టు తిరిగింది. తర్వాత తాత మైనస్ వైరు తీసినట్టున్నాడు, ఎగరలేదు, మెరవలేదు, అది నెమ్మదిగా, అలిసిపోయిన మనిషిలా, ఆగింది. ఇంట్లో ఒక్కసారిగా ఉక్కపోత కమ్మేసింది. అమ్మ కంచం మీద చెయ్యి ఆపి చెమట తుడుచుకుంది. ఎవరూ విసనకర్ర ముట్టుకోలేదు.

గేటు దగ్గర టెస్టర్ బాబు పిలిచాడు. నాన్న తింటున్న చెయ్యి అలాగే పెట్టుకుని లేచి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

"తీసుకెళ్ళడానికి వచ్చాం సార్," అన్నాడు టెస్టర్ బాబు. ఆగి ఉన్న ఫ్యాను గుమ్మంలోంచి కనిపించినట్టుంది. "ఇవాళ కూడా పోయినట్టుందే."

నాన్న వెనక్కి తిరిగి ఫ్యాను చూశాడు. తర్వాత వెనక వరండా వైపు చూశాడు. అక్కడి నుంచి గుడ్డ దులిపిన చప్పుడు వస్తోంది.

"పోలేదయ్యా, హాల్టులో ఉంది," అన్నాడు. "అమ్మడం లేదు. పాపం మీకు శ్రమ."

"మరి ప్రాబ్లం ఏమిటో తెలిసిందా సార్?"

"బండి మంచిదే. డ్రైవరుకి తాళం ఇవ్వలేదు మనం."

టెస్టర్ బాబు నావైపు చూశాడు, వివరణ కోసం. నేను ఇంజినీరుని, వివరించగలను, ఎన్ని ఉపన్యాసాలు కావాలన్నా ఇవ్వగలను. కానీ గేటు మూసి గడియ పెట్టాను. ఆటో వెళ్ళిపోయింది. నాన్న లోపలికి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. చెమటలు కక్కుతూ అందరం కంచాల ముందు ఎదురుచూశాం.

వెనక నుంచి తాత గొంతు వచ్చింది. గట్టి గొంతు, వీధి చివరి దాకా వినపడేది, వ్యాను అమ్మాక ఈ ఇంట్లో వినని గొంతు.

"అందరూ ఎక్కారా?"

నానమ్మ ముద్ద మింగి, కొంగుతో మెడ తుడుచుకుని, అంతే గట్టిగా చెప్పింది.

"ఎక్కాం. ఇక పోనివ్వండి."

ఫ్యాను తిరిగింది.